ఫార్మ్‌డి వార్డు పోస్టింగ్‌లో మార్కులు, గ్రేడ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదివేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, కొత్తగా ప్రిసెప్టర్లుగా, అంటే వార్డులో విద్యార్థులకి పని నేర్పి మార్కులు వేసేవాళ్లుగా చేరినవాళ్లు మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ ఒకే పొడవులో ఉండవు, ఎందుకంటే ప్రశ్నలన్నీ ఒకే బరువువి కావు.

అసలు మన ఫార్మ్‌డిలో హాస్పిటల్ ట్రైనింగ్‌కి మార్కులు ఎలా వేస్తారు?

ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన ఫార్మ్‌డి నిబంధనల ప్రకారం కోర్సు మొత్తం ఆరేళ్లు, అందులో ఐదేళ్లు చదువు, ఆరో ఏడు ఇంటర్న్‌షిప్. రెండు, మూడు, నాలుగు సంవత్సరాల్లో ఏడాదికి కనీసం 50 గంటల హాస్పిటల్ పోస్టింగ్ ఉండాలి. ఐదో ఏడు క్లర్క్‌షిప్, అంటే రోజూ ఉదయం పూట సగం రోజు వార్డు రౌండ్స్‌లో ఉండి, మధ్యాహ్నం క్లాసులు వినాలి. ఏడాది చివరి పరీక్షలకి 70, సెషనల్స్‌కి, అంటే ఏడాది మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షలకి 30. ప్రాక్టికల్ సెషనల్స్‌లో ఆ 30లో 20 సెషనల్ పరీక్షలో చేసిన పనికి, మిగతా 10 రోజువారీ పనికి, వైవాకి, రికార్డుకి, టైముకి రావడానికి. పాస్ కావాలంటే 50 శాతం, ఫస్ట్ క్లాస్‌కి 60, డిస్టింక్షన్‌కి 75. అటెండెన్స్ 80 శాతం లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు.

ఒక్కసారి ఆ 10 మార్కుల దగ్గర ఆగండి. ఏడాది పొడవునా మీరు ఎలా పనిచేశారో చెప్పే భాగం అదొక్కటే, మొత్తం వందలో దాని వాటా పదో వంతు. ఈ పేజీలో మేం చెప్పబోయేదంతా దాదాపు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మరి ఇంటర్న్‌షిప్‌లో?

అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మిగతా ఆరు నెలలు మూడు వేరే విభాగాల్లో రెండేసి నెలల చొప్పున చేస్తారు. మార్కుల పట్టిక బదులు ఐదు అంశాలుంటాయి: కేసుకి కావలసిన పరిజ్ఞానం, క్లినికల్ ఫార్మసీ సేవలు అందించే నైపుణ్యం, బాధ్యత-సమయపాలన-కేస్ వర్కప్, డాక్టర్లతో నర్సులతో తోటివాళ్లతో కలిసి పనిచేయడం, చొరవ-చర్చల్లో పాల్గొనడం-పరిశోధన ఆసక్తి. ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు స్కోరు. 3 అంటే సగటు, 4 అంటే సగటు కంటే మెరుగు, 5 అంటే అద్భుతం. ఏ ఒక్క అంశంలోనైనా 3 కంటే తక్కువ వస్తే ఇంటర్న్‌షిప్ తృప్తికరంగా పూర్తికానట్టే లెక్క.

కాగితం మీద ఇది చక్కటి పద్ధతి. తెలివి ఒక్కటే కాకుండా నడవడిక, జట్టుతనం కూడా చూస్తోంది, పైగా ఒకదాంట్లో తగ్గింది ఇంకోదాంతో కప్పిపుచ్చుకునే వీలు లేదు. కానీ ఆ గీత 3 దగ్గర పెట్టడం వల్ల ఏమవుతుందంటే, 2 వేయాలంటే ఒక మనిషి ఏడాది కష్టాన్ని ఆపేయాలి, దానికి ప్రిసెప్టర్‌కి ధైర్యం చాలదు, 3 వేస్తే పిల్లలు మొహం మాడ్చుకుంటారు, 5 వేస్తే పైవాళ్లు అడుగుతారు. మిగిలింది 4. ఐదు గళ్లు, ఐదు నాలుగులు, కింద సంతకం. అలాంటి షీట్లు ముప్పై పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు పేషెంట్‌తో మాట్లాడగలరో, ఎవరు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకున్నారో చెప్పడం బ్రహ్మకి కూడా సాధ్యం కాదు.

అమెరికాలో ఎలా ఉంటుంది? మనవాళ్లు చాలామంది అక్కడ చదువుతున్నారు కదా.

అక్కడి ఫార్మ్‌డిలో చివరి సంవత్సరం దాదాపుగా రొటేషన్లే, అంటే ఒక్కోచోట కొన్నాళ్ల చొప్పున చేసే ట్రైనింగే. కనీసం 1440 గంటలు చేయాలని గుర్తింపు సంస్థ ఏసీపీఈ నియమం. రిటైల్ ఫార్మసీ, హాస్పిటల్ ఫార్మసీ, ఔట్ పేషెంట్ క్లినిక్, ఇన్ పేషెంట్ మెడిసిన్ తప్పనిసరి, మిగతావి ఎంచుకునేవి. గ్రేడ్ మాత్రం కాలేజీని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఏ, బీ, సీ అక్షరాలు, కొన్నిచోట్ల ఆనర్స్-పాస్-ఫెయిల్, ఇంకొన్నిచోట్ల ఉత్త పాస్-ఫెయిల్. ఏది మంచిదన్న వాదన అక్కడ చాలాకాలంగా నడుస్తోంది, తేలలేదు. అక్షరాల గ్రేడ్లున్న చోట దాదాపు అందరికీ ఏ వచ్చేస్తుందన్నది ఒక వర్గం ఫిర్యాదు. పాస్-ఫెయిల్ ఉన్నచోట బాగా చేసినవాడికి గుర్తింపేది అన్నది రెండో వర్గం ఫిర్యాదు. రెండూ నిజమే.

గ్రేడ్ తీసేస్తే పిల్లలు చదవడం మానేస్తారు కదా?

అందరికంటే ఎక్కువగా అమ్మానాన్నలు అడిగేది ఇదే, తర్వాత ప్రిన్సిపాళ్లు.

మెడికల్ కాలేజీల అనుభవం చూస్తే ఈ భయానికి పెద్ద ఆధారం లేదు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ మెడికల్ స్కూల్ మొదటి రెండేళ్లకి అక్షరాల గ్రేడ్లు తీసేసి పాస్-ఫెయిల్ పెట్టినప్పుడు ముందు బ్యాచ్‌నీ తర్వాతి బ్యాచ్‌నీ పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. మానసిక స్థితి మెరుగైంది, చదువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, తర్వాత రాసిన లైసెన్స్ పరీక్ష స్కోర్లలోనూ రాలేదు. ఆ లైసెన్స్ పరీక్ష మొదటి దశని కూడా 2022 జనవరి నుంచి పాస్-ఫెయిల్ చేసేశారు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అవి క్లాస్‌రూమ్ సంవత్సరాలు. వార్డు వేరే లోకం. క్లాసులో మీరు చదవకపోతే పరీక్ష పట్టేస్తుంది. వార్డులో మీరు ఏమీ చేయకుండా రౌండ్స్ వెనకాల నడిచినా రోజు గడిచిపోతుంది, ఎవరూ అడగరు. కాబట్టి గ్రేడ్ తీసేసి ఆ చోట ఏమీ పెట్టకపోతే కొందరు నిజంగానే జారిపోతారు. తీసేసి దాని బదులు రోజూ పట్టించుకునే మనిషిని పెడితే జారరు. కాలేజీలు చాలావరకు మొదటి సగం చేసి రెండో సగం మర్చిపోతాయి.

మార్కుల కోసమే పనిచేస్తే తప్పేంటి? పని జరుగుతోంది కదా?

మార్కులు ఏ పనికిస్తే ఆ పని జరుగుతుంది. అది మనకి కావలసిన పనేనా అన్నదే ప్రశ్న.

ఒక ఉదాహరణ చెప్తాం, ఇలా జరిగిందనుకోండి. 62 ఏళ్ల పెద్దాయన, బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు వాడుతున్నాడు, రెండు కాళ్లకీ వాపు. వాపు తగ్గడానికి ఫ్యూరోసిమైడ్, అంటే ఒంట్లో నీళ్లు పోయే మందు రాశారు. ఒకే మంచానికి ఇద్దరు విద్యార్థులు. అబ్బాయి కేస్ షీట్ అందంగా నింపాడు, ల్యాబ్ వాల్యూస్ ఎర్ర పెన్నుతో, సోప్ నోట్స్ (పేషెంట్ చెప్పింది, పరీక్షల్లో తేలింది, అంచనా, ప్లాన్ అని నాలుగు భాగాలుగా రాసేవి) పొందిగ్గా, ప్లాన్ దగ్గర "పొటాషియం చూస్తూ ఉండాలి" అని కూడా రాశాడు. అందులో తప్పేమీ లేదు. అమ్మాయి మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చుని "తాతా, ఈ వాపు ఎప్పట్నుంచి?" అని అడిగింది. "మొన్న బీపీ గోలీ పెద్దది చేసినంక" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో కథ మారిపోయింది. ఆమ్లోడిపిన్ డోసు పెరిగే కొద్దీ కాళ్ల వాపు రావడం తెలిసిన విషయమే, ఆ వాపుకి నీళ్లు పోయే మందు పెద్దగా పనిచేయదు, ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు రాసినట్టవుతోంది. ఆమె వెళ్లి పీజీ డాక్టర్‌ని అడిగింది, ఆయన చార్ట్ తిరగేసి బీపీ మందు మార్చే సంగతి యూనిట్ చీఫ్‌తో మాట్లాడాడు. ఇదంతా అయ్యేసరికి పదకొండున్నర. ఆమె కేస్ షీట్ సగమే నిండింది.

ఇప్పుడు మార్కులు కేస్ షీట్‌కే అయితే అబ్బాయికి 18, అమ్మాయికి 12. తేడా ఆరు మార్కులే. కానీ మర్నాడు ఉదయం బ్యాచ్ మొత్తం ఏం చేస్తుందో ఊహించండి. స్టూల్ మీద ఎవరూ కూర్చోరు. నర్సింగ్ స్టేషన్‌లో ఫైళ్ల చుట్టూ మూగి ఎక్కించుకుంటూ ఉంటారు. గ్రేడింగ్ పద్ధతి ప్రభావం మీద మమ్మల్ని ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్తాం, మార్కు పేషెంట్ దగ్గర ఉంటే విద్యార్థి పేషెంట్ దగ్గరికి పోతాడు, కాగితం దగ్గర ఉంటే కాగితం దగ్గరికి పోతాడు.

ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) రిపోర్టులకి లెక్క ప్రకారం మార్కులు పెడితే మంచిదేగా?

నెలకి ఇన్ని అని పెడితే ఇన్నే వస్తాయి, సరిగ్గా ఇన్నే, అదీ నెలాఖరులో. దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్, అంటే మందుల దుష్ప్రభావాల మీద నిఘా నడుస్తోంది, మీరు నింపే ఫామ్ చివరికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాకా వెళ్తుంది. దాంట్లో "ఐరన్ మాత్ర, నల్ల విరేచనం" అని పది ఫామ్‌లు పంపడం కంటే ఒక్క తీవ్రమైన చర్మపు దద్దుర్ల కేసుని మందు మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఆపాక ఏమైంది, అన్నీ సరిగ్గా రాసి పంపడం మేలు. మార్కు ఫామ్ పూర్తిగా నింపినందుకు ఇవ్వండి, లెక్కకి కాదు.

ఒకే పని చేసిన ఇద్దరికి వేర్వేరు మార్కులు ఎందుకొస్తాయి?

చాలా కారణాలున్నాయి. ఒకరికి వేసింది రోజూ వార్డులో ఉండే ప్రిసెప్టర్, ఇంకొకరికి వేసింది వారానికోసారి వచ్చే కాలేజీ ఫ్యాకల్టీ. ఒకరు చూసి వేస్తారు, ఇంకొకరు విని వేస్తారు. మొదటి కేస్ ప్రెజెంటేషన్ బాగా చేసినవాడు తర్వాత మూడు నెలలు దాని మీదే బతికేస్తాడు, మొదటి రోజు తడబడినవాడు ఎంత మెరుగైనా ఆ ముద్ర పోదు. హాస్పిటల్ మీద కూడా ఆధారపడి ఉంటుంది, కొన్నిచోట్ల డాక్టర్లు విద్యార్థిని రౌండ్స్‌లోకి పిలిచి మాట్లాడిస్తారు, కొన్నిచోట్ల "పక్కకి జరుగు" అన్నదే మొత్తం ఇంటరాక్షన్.

మన రాష్ట్రాల్లో దీనికి తోడు ఇంకోటుంది, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ఇంగ్లిష్. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి ఈఏపీసెట్‌లో సీటు తెచ్చుకున్న అమ్మాయి పేషెంట్‌తో మాట్లాడితే వినాలనిపిస్తుంది. గోలీ అన్నా తెలుసు, బిళ్ళ అన్నా తెలుసు. పరగడుపున అంటే ఏ మందు, బువ్వ తిన్నాక అంటే ఏ మందు, వేళ్ల మీద లెక్కపెట్టించి మరీ చెప్తుంది. ఇన్సులిన్ ఎక్కడ దాచుకోవాలో ఫ్రిజ్ లేని ఇంటికి తగ్గట్టు వివరిస్తుంది. ఆమె కౌన్సెలింగ్‌ని ఎవరూ చూడరు. ఆమెకి మార్కు పడేది పది మంది ముందు ఇంగ్లిష్‌లో ఇచ్చే ప్రెజెంటేషన్‌కి, అక్కడ ఆమె గొంతు పెగలదు. కార్పొరేట్ స్కూల్ నుంచి వచ్చినవాడు గూగుల్ చేసిన ముక్కని గడగడా చదివేసి ముందుకెళ్లిపోతాడు. ప్రెజెంటేషన్ అక్కర్లేదని మేం అనడం లేదు, డాక్టర్లతో మాట్లాడాలంటే ఆ భాష కావాలి. కానీ కౌన్సెలింగ్‌కి విడిగా మార్కులు పెట్టి, పేషెంట్ భాషలోనే చూసి వేయాలి. ఈ ఒక్క మార్పుతో బ్యాచ్‌లో ర్యాంకులు తారుమారైపోతాయి.

ప్రిసెప్టర్లు ఎవర్నీ ఫెయిల్ చేయరెందుకు?

చేస్తే వాళ్లకే తలనొప్పి కాబట్టి. ఎందుకు చేశావో రాసివ్వాలి, హెచ్‌ఓడీకి చెప్పుకోవాలి, తల్లిదండ్రులు వస్తారు, మళ్లీ అదే విద్యార్థిని ఇంకో రెండు నెలలు తనే భరించాలి. పైగా మధ్యలో ఎప్పుడూ ఒక్క హెచ్చరిక కూడా రాసి ఉండదు, చివర్లో హఠాత్తుగా ఫెయిల్ అంటే నిలబడదని ఆయనకీ తెలుసు. ఈ జబ్బు మన దగ్గరే కాదు, డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల ట్రైనింగ్ ఉన్న ప్రతి దేశంలోనూ ఉంది. మందు కూడా తెలిసిందే: రొటేషన్ సగంలో ఒకసారి కూర్చోబెట్టి "ఇది బాగుంది, ఇది బాగాలేదు, ఇంకో నాలుగు వారాలుంది" అని చెప్పి, ఆ మాట కాగితం మీద పెట్టడం.

మార్కులు లేకుండా కామెంట్లు రాస్తే సరిపోతుందా?

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో బడి పిల్లల మీద ఒక పరిశీలన చేసింది. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి కామెంట్లు మాత్రమే, కొందరికి రెండూ. కామెంట్లు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పని మెరుగ్గా చేశారు, ఆసక్తి కూడా నిలిచింది. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే మిగిలిపోయారు. చిన్నపిల్లల సంగతి మనకెందుకు అనుకోకండి, సెషనల్ పేపర్లు చేతికిచ్చిన రోజు మీ క్లాస్ చూడండి. ముందు మార్కు, తర్వాత పక్కవాడి మార్కు, ఆ తర్వాత టోటల్ తప్పేసారా అని లెక్క. పక్కన రాసిన వాక్యం ఎవరు చదివారు?

అలాగని "గుడ్", "ఇంప్రూవ్", "కీప్ ఇట్ అప్" లాంటివి కామెంట్లు కావు. "క్రియాటినిన్ 2.1 ఉందని రాశావు, మెట్‌ఫార్మిన్ డోసు గురించి మాత్రం ఏమీ అనలేదు, రేపు ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టి నాకు చెప్పు" అన్నది కామెంట్. (ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు ఎంతబాగా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క.) రాయడానికి అర నిమిషం పడుతుంది. విద్యార్థి ఆ లెక్క జన్మలో మర్చిపోడు.

ఈపీఏలు (ఎన్‌ట్రస్టబుల్ ప్రొఫెషనల్ యాక్టివిటీస్) అంటున్నారు, ఏమిటవి?

డచ్ విద్యావేత్త ఓలె టెన్ కాటె 2005లో ముందుకు తెచ్చిన ఆలోచన. విద్యార్థికి వందకి ఎంత అని కాకుండా, ఈ పని ఇతనికి ఎంతవరకు అప్పజెప్పగలం అని అడుగుతారు. చూడనిస్తాం అంతే, పక్కన మనం ఉంటే చేయనిస్తాం, పిలిస్తే అందేంత దూరంలో మనం ఉంటే చేయనిస్తాం, ఒంటరిగా చేయనిస్తాం, ఇంకొకరికి నేర్పనిస్తాం. ఇవీ మెట్లు. అమెరికా ఫార్మసీ కాలేజీల సంఘం 2016లో తమ గ్రాడ్యుయేట్లకి ఇలాంటి పనుల జాబితా తయారుచేసుకుంది.

మాకు ఇది నచ్చడానికి కారణం, ప్రిసెప్టర్ బుర్రలో ఎలాగూ నడిచే ప్రశ్న ఇదే. "ఈ పిల్ల చెప్పిన డోసుని నేను మళ్లీ చెక్ చేయాలా?" అన్నది అందరికీ తెలిసిన కొలత. దానికి 4 అని అంకె వేయమంటే తికమకపడతారు, "డిశ్చార్జ్ కౌన్సెలింగ్ ఒంటరిగా పంపిస్తాను, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) పేషెంట్ అయితే మాత్రం నేను పక్కనుంటాను" అని చెప్పమంటే టక్కున చెప్తారు.

పాస్-ఫెయిల్ అయితే టాపర్లకి నష్టం కదా?

కొంత ఉంది, లేదనడం అబద్ధం. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే డిగ్రీ తర్వాత హాస్పిటల్‌లో చేసే ట్రైనింగ్‌కి అప్లై చేసేవాళ్లకి గ్రేడ్ పోతే బరువంతా సిఫార్సు ఉత్తరాల మీద, ప్రాజెక్టుల మీద, పరిచయాల మీద పడుతుంది, అవి అందరికీ ఒకేలా దొరకవు. మన దగ్గర హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్, మెడికల్ రైటింగ్ ఉద్యోగాలకి వెళ్లేటప్పుడు కొన్ని కంపెనీలు మొత్తం శాతం అడుగుతాయి, ఇంటర్న్‌షిప్ స్కోరు అడిగేవాళ్లు అరుదు. కాబట్టి ఐదేళ్ల మార్కులు మీకు ఎలాగూ ఉన్నాయి, ఆరో ఏడు గురించి ఆ టెన్షన్ అనవసరం.

విదేశాలకి వెళ్తే ఈ వార్డు మార్కులు చూస్తారా?

అమెరికాలో ఫార్మసిస్ట్ కావాలంటే ముందు ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్, అంటే మన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని చెప్పే కాగితం కావాలి. 2003 తర్వాత డిగ్రీ పూర్తిచేసినవాళ్లకి కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలన్న నియమం వల్ల మన నాలుగేళ్ల బీఫార్మ్ చాలదు, ఆరేళ్ల ఫార్మ్‌డి సరిపోతుంది. ఆ తర్వాత రాసే ఫార్మసిస్ట్ లైసెన్స్ పరీక్ష నాప్లెక్స్ కూడా పాస్-ఫెయిలే, ఎన్ని వచ్చాయని చెప్పరు. అక్కడ ఫార్మసీలో ఇంటర్న్‌గా నిలబడినప్పుడు ఫోన్‌లో డాక్టర్ ఆఫీసుకి ఏం చెప్పాలో మీకు తెలియాలి, అది తేలిపోవడానికి మొదటి రోజు చాలు.

నాకు అన్యాయంగా తక్కువ వేశారు. ఏం చేయాలి?

ముందు వాట్సాప్ గ్రూప్‌లో రాయకండి. ప్రిసెప్టర్‌ని ఒంటరిగా కలిసి "మేడం, ఎందుకు తగ్గింది?" అని కాకుండా "మేడం, ఏ పనిలో తగ్గింది, ఏ రోజు?" అని అడగండి. మొదటిదానికి సంజాయిషీ వస్తుంది, రెండోదానికి సమాచారం వస్తుంది. మీ లాగ్‌బుక్‌లో మీరు గుర్తించిన డ్రగ్ ఇంటరాక్షన్లు, డాక్టర్ ఒప్పుకున్న సూచనలు తేదీలతో ఉంటే చూపించండి. అప్పటికీ తేలకపోతే హెచ్‌ఓడీ దగ్గరికి రాతపూర్వకంగా వెళ్లండి.

నేను ప్రిసెప్టర్‌ని. యూనివర్సిటీ పద్ధతి నా చేతిలో లేదు. రేపటి నుంచి నేనేం మార్చగలను?

చాలానే. రోజుకి ఒక్క విద్యార్థి, పది నిమిషాలు, ఒక్క పేషెంట్ దగ్గర మీరు వెనక నిలబడి చూడండి, మధ్యలో నోరు మెదపకండి. అయ్యాక వార్డు బయటికొచ్చి ఒక మంచి, ఒక లోటు చెప్పండి, తేదీ వేసి రెండు లైన్లు రాసుకోండి. పన్నెండు మంది బ్యాచ్ అయినా రెండు వారాల్లో అందరూ ఒక చుట్టు అయిపోతారు. చివర్లో ఆ 0 నుంచి 5 షీట్ ముందుకొచ్చినప్పుడు మీ చేతిలో జ్ఞాపకం కాకుండా కాగితం ఉంటుంది, అప్పుడు కొందరికి 3 పడుతుంది, ఒకరిద్దరికి నిజంగానే 5 పడుతుంది. డాక్టర్ల మాట కూడా అడగండి, యూనిట్‌లోని పీజీకి మీకంటే ఎక్కువ తెలుసు ఎవరు పనికొస్తున్నారో.

ముప్పై మంది విద్యార్థులకి ఒక్క ప్రిసెప్టర్ ఉన్నచోట ఇది కుదరదు. అక్కడ సమస్య గ్రేడింగ్‌ది కాదు, మనుషుల్ని తీసుకోని యాజమాన్యానిది, ఎన్ని ఫామ్‌లు మార్చినా ఒరిగేదేమీ ఉండదు.

లాగ్‌బుక్ చివర్లో ఒకేసారి కూర్చుని రాస్తే పట్టుకుంటారా?

పట్టుకుంటారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, పండగ రోజున కూడా వార్డు రౌండ్స్, డిశ్చార్జ్ అయిపోయిన పేషెంట్‌కి మర్నాడు ఫాలో అప్. సంతకం పెట్టేవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు, కానీ వైవాలో ఎక్స్‌టర్నల్ మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి "ఈ పేషెంట్‌కి ఏమైంది?" అని అడుగుతారు. ఏ రోజుది ఆ రోజు, క్యాంటీన్‌లో టీ చల్లారేలోపు రాసేయండి.